గ్రీకు పండుగ బిస్కెట్లు ఇంటిల్లిపాదీ కలిసి చేసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

గ్రీసులో డిసెంబరు సగం గడిచేసరికి చాలా ఇళ్లలో బల్ల మీద రెండు పళ్లాలు వెలుస్తాయి. ఒకదానిలో తేనె పాకం పీల్చుకుని ముదురు గోధుమ రంగులో మెరిసే మెలోమకారొనా, మరొకదానిలో పంచదార పొడిలో నిలువునా మునిగిన తెల్లని కురబియేదెస్ గుట్టగా పేర్చి ఉంటాయి. జనవరి 6న యేసు బాప్తిస్మానికి గుర్తుగా వచ్చే థియోఫానియా పండుగ దాకా గుమ్మంలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ కాఫీతో పాటు వీటిలో ఏదో ఒకటి పెట్టడం ఆనవాయితీ. డిసెంబరు 24 ఉదయం చిన్న లోహపు త్రికోణాలను మోగిస్తూ, కలందా అనే పండుగ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే పిల్లలకు నాణేలతో పాటు ఈ బిస్కెట్లు కూడా చేతిలో పెడతారు.

ఈ రెండింటినీ ఒకే పండుగకు చేసినా, వాటి వెనుక ఉన్న లెక్క వేరు. ఆర్థడాక్స్ క్రైస్తవులకు నవంబరు 15 నుంచి డిసెంబరు 24 వరకు 40 రోజుల ఉపవాస దీక్ష ఉంటుంది. ఆ రోజుల్లో మాంసం, పాలు, వెన్న, గుడ్లు నిషిద్ధం. మెలోమకారొనాలో ఆలివ్ నూనే తప్ప వెన్న గానీ, గుడ్డు గానీ, పాలు గానీ ఉండవు కాబట్టి నూనెకు అనుమతి ఉన్న దీక్షా దినాల్లో కూడా వాటిని తినవచ్చు. కురబియేదెస్ పూర్తిగా వెన్నతో చేసేవి కాబట్టి నియమం పాటించే ఇళ్లలో వాటిని క్రిస్మస్ రోజునే నోట పెట్టుకుంటారు. ఈ దీక్షను నేడు అందరూ పాటించకపోయినా వంట పద్ధతి మాత్రం మారలేదు. గుడ్డు తినని తెలుగు కుటుంబాలకు ఇది కలిసివచ్చే విషయం: మెలోమకారొనాను ఏ మార్పూ లేకుండా యథాతథంగా చేసుకోవచ్చు.

పని పంచుకోవడం గురించి మొదటే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వెన్న గిలకొట్టడం, పప్పులు వేయించడం, నారింజ తొక్క తురమడం, ఉండలు చేయడం, పంచదార చల్లడం వంటి పనులను ఇంట్లో ఎంతమందైనా పంచుకోవచ్చు. మైదా కలిపే పని మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్కరి చేతిలోనే ఉండాలి. రెండు రకాల బిస్కెట్లూ గుల్లగా రావడం ఆ ఒక్క దశ మీదే ఆధారపడి ఉంటుంది. పాత గ్రీకు వంట పుస్తకాలలోనూ, చేతిరాత పద్ధతులలోనూ మైదాకు కొలత ఇవ్వకుండా ఎంత పడితే అంత అని రాసి వదిలేయడం మామూలే. ఆ ఎంత అన్నది యాయాకు, అంటే అమ్మమ్మకో నాయనమ్మకో, చేతి స్పర్శతో తెలుస్తుంది. ఆ చేతికి తోడుగా ఇంకో రెండు చేతులు గిన్నెలోకి వెళితే పిండి అవసరానికి మించి నలుగుతుంది, బిస్కెట్టు రొట్టెలా గట్టిపడుతుంది.

సరుకులు

కింది కొలతలతో ఒక్కో రకం 35 దాకా వస్తాయి. బేకింగ్‌లో కప్పుల లెక్క కంటే తూకం నమ్మదగినది కాబట్టి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి దగ్గర పెట్టుకోవడం మేలు.

కురబియేదెస్‌కు ఉప్పు లేని వెన్న 250 గ్రాములు, పిండిలో కలపడానికి పంచదార పొడి 100 గ్రాములు, ఒక గుడ్డు పచ్చసొన, బ్రాందీ రెండు పెద్ద చెంచాలు, వనిల్లా ఎసెన్సు ఒక చిన్న చెంచా, బేకింగ్ పౌడర్ అర చిన్న చెంచా, చిటికెడు ఉప్పు, మైదా 400 నుంచి 450 గ్రాములు, బాదం 150 గ్రాములు కావాలి. పైన చల్లడానికి మరో 300 గ్రాముల పంచదార పొడి, చిలకరించడానికి కొద్దిగా పన్నీరు, అంటే రోజ్ వాటర్, లేదా నారింజ పూల నీరు సిద్ధం చేసుకోవాలి.

మెలోమకారొనాకు ఆలివ్ నూనె 250 మిల్లీలీటర్లు, అప్పుడే పిండిన నారింజ రసం 125 మిల్లీలీటర్లు, పంచదార 80 గ్రాములు, బ్రాందీ 50 మిల్లీలీటర్లు, రెండు నారింజల తొక్క తురుము, దాల్చినచెక్క పొడి రెండు చిన్న చెంచాలు, లవంగాల పొడి అర చిన్న చెంచా, వంటసోడా ముప్పావు చిన్న చెంచా, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, సన్న రవ్వ 100 గ్రాములు, మైదా 450 నుంచి 500 గ్రాములు పడతాయి. పాకానికి పంచదార 250 గ్రాములు, నీళ్లు 250 మిల్లీలీటర్లు, తేనె 200 గ్రాములు, ఒక దాల్చినచెక్క ముక్క, రెండు మూడు లవంగాలు, ఒక నారింజ తొక్క పాయ కావాలి. పైన చల్లడానికి 150 గ్రాముల ఆక్రోటు పప్పు సరిపోతుంది.

మన ఊళ్లలో ఈ సరుకులు కొనేటప్పుడు కొన్ని సంగతులు గమనించాలి. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె ఖరీదు ఎక్కువ, ఘాటూ ఎక్కువే. గ్రీసులోనే చాలామంది అందులో కొంత భాగం వాసన లేని వేరే నూనె కలుపుతారు. సగం ఆలివ్ నూనె, సగం పొద్దుతిరుగుడు నూనె వాడితే రుచి చెడదు గానీ, ఆలివ్ నూనె పూర్తిగా మానేస్తే మాత్రం ఆ బిస్కెట్టుకు ఉండవలసిన వాసన ఉండదు. బత్తాయి రసంలో పులుపు తక్కువ కాబట్టి వంటసోడా సరిగా పొంగదు. కమలాపండ్లు వాడడం మంచిది, బత్తాయి తప్ప మరొకటి దొరకకపోతే రసంలో ఒక చిన్న చెంచా నిమ్మరసం కలపాలి. రవ్వ విషయంలో ఉప్మాకు వాడే లావు రకం పనికిరాదు, చిరోటి రవ్వ అడిగి తెచ్చుకోవాలి. గ్రీసులో ఈ వంటలకు మెటాక్సా వంటి బ్రాందీ వాడతారు. మద్యం వద్దనుకునేవారు మెలోమకారొనాలో ఆ మేరకు నారింజ రసం, కురబియేదెస్‌లో పన్నీరు వేసుకుంటే సరిపోతుంది. మెల్‌బోర్న్‌లోని ఓక్లీ, న్యూయార్క్‌లోని ఆస్టోరియా వంటి గ్రీకులు స్థిరపడిన ప్రాంతాలకు దగ్గరగా ఉండే తెలుగువారికి థైమ్ పూల తేనె, మేక, గొర్రె పాల వెన్న, నారింజ పూల నీరు అక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయి.

ముందు రోజు సాయంత్రం: పాకం, పప్పులు

పాకం ముందు రోజే కాచి పెట్టుకోవాలి, ఎందుకంటే వేడి వేడి బిస్కెట్టును పూర్తిగా చల్లారిన పాకంలో ముంచడమే ఈ వంటకు ఆయువుపట్టు. రెండూ వేడిగా ఉంటే బిస్కెట్టు మెత్తబడి విరిగిపోతుంది, రెండూ చల్లగా ఉంటే పాకం పైపైనే అంటుకుని లోపల పొడిగా మిగిలిపోతుంది. ఓవెన్ నుంచి తీసిన బిస్కెట్టు లోపలి గాలి, ఆవిరి చల్లని పాకం తగలగానే కుంచించుకుపోతాయి. ఆ ఖాళీలోకి పాకం దానంతట అదే చేరుతుంది.

మందపాటి గిన్నెలో నీళ్లు, పంచదార, దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్క వేసి మధ్యస్థమైన మంట మీద పెట్టాలి. పంచదార కరిగి, మరగడం మొదలైన తర్వాత నాలుగైదు నిమిషాలు ఉంచితే చాలు. తీగ పాకం రానివ్వకూడదు. వేళ్ల మధ్య జిగురుగా తగిలితే చాలు, పాకం అంతకంటే ముదిరితే బిస్కెట్టు లోపలికి దిగదు. పొయ్యి ఆపేసిన తర్వాతే తేనె పోసి కలపాలి. తేనెను మరిగిస్తే దాని వాసన ఆవిరితో పాటే పోతుంది. పైకి తేలే తెల్లని నురుగును చెంచాతో తీసేసి, గిన్నె మీద మూత వేసి రాత్రంతా అలాగే వదిలేయాలి.

అదే సాయంత్రం బాదం పప్పును 160 డిగ్రీల ఓవెన్‌లో పది పన్నెండు నిమిషాలు వేయించుకోవాలి. పప్పు కొరికితే లోపల లేత గోధుమ రంగు కనిపించాలి, తెల్లగా ఉంటే ఇంకా వేగలేదన్నమాట. చల్లారాక చాకుతో ఒక్కో పప్పును మూడు నాలుగు ముక్కలుగా తరగాలి. మిక్సీలో వేస్తే సగం పొడై నూనె వదులుతుంది, అది పిండిని మసకబారుస్తుంది. ఆక్రోటు మాత్రం వేయించకుండా సన్నగా తరిగి, అర చెంచా దాల్చినచెక్క పొడి కలిపి డబ్బాలో ఉంచుకోవాలి. తరిగే పని ఇంట్లో పెద్దవారికి అప్పగిస్తే కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పూర్తి చేస్తారు. పడుకునే ముందు వెన్నను ఫ్రిజ్ నుంచి తీసి బయట పెట్టడం మరిచిపోకూడదు. వేసవిలోనైతే వంటకు గంట ముందు తీసినా చాలు.

ఉదయం మొదటి పని: కురబియేదెస్

రెండింటిలో ముందుగా కురబియేదెస్ కాల్చాలి. వాటికి 170 డిగ్రీలు, మెలోమకారొనాకు 180 డిగ్రీలు కావాలి. ఓవెన్ వేడి పెంచడం క్షణాల పని, తగ్గించడానికి చాలాసేపు పడుతుంది. పైగా కురబియేదెస్ పూర్తిగా చల్లారితే గానీ చివరి విడత పంచదార చల్లలేము కాబట్టి అవి ముందుగా బయటికి రావడమే అనుకూలం.

గ్రీసులో ఈ బిస్కెట్టు పేరు చెబితే చాలామందికి కవాలా నగరం పక్కనున్న నెయా కర్వాలి అనే ఊరు గుర్తొస్తుంది. 1923 లోజాన్ ఒప్పందం ప్రకారం గ్రీసు, తుర్కియేల మధ్య జనాభా మార్పిడి జరిగినప్పుడు కప్పదోకియాలోని గెల్వేరి నుంచి వచ్చిన శరణార్థులు నిలబెట్టిన ఊరు అది. వారు తమతో తెచ్చుకున్న చేతివాటంతో చేసే బాదం కురబియేదెస్ ఆ దారిన వెళ్లేవారు కొనుక్కోకుండా కదలనంతగా పేరు తెచ్చుకున్నాయి.

చేసే విధానంలో మొదటి మెట్టు వెన్నను గిలకొట్టడం. మెత్తబడిన వెన్న, 100 గ్రాముల పంచదార పొడి పెద్ద గిన్నెలో వేసి ఎలక్ట్రిక్ బీటర్‌తో పది నుంచి పదిహేను నిమిషాలు ఆపకుండా గిలకొట్టాలి. మొదట పసుపుగా ఉన్న ముద్ద మూడు నాలుగు నిమిషాలకు పాలిపోతుంది, ఎనిమిది నిమిషాలు దాటాక దాదాపు తెల్లబడి గిన్నె అంచులకు నురగలా అంటుకుంటుంది. ఈ దశలో తొందరపడకూడదు. ఈ పిండిలో పొంగించే పదార్థం నామమాత్రమే కాబట్టి, బిస్కెట్టు నోట్లో పెట్టగానే రాలిపోవడానికి ఇప్పుడు వెన్నలో చేరే గాలే ప్రధాన కారణం. బీటర్ లేనివారు చెక్క గరిటెతో చేయవచ్చు, ఇంట్లో నలుగురు వంతులవారీగా తిప్పితే చేతులు నొప్పి పుట్టవు. వెనకటి ఇళ్లలో అలాగే చేసేవారు, అదీ చేత్తోనే.

తెల్లబడిన వెన్నలో పచ్చసొన, బ్రాందీ, వనిల్లా వేసి ఒక నిమిషం కలిపి, బీటర్ పక్కన పెట్టేయాలి. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించి, మూడు విడతలుగా చేత్తోనే కలపాలి. మూడో విడతలో కొంచెం కొంచెంగా వేస్తూ, ముద్ద అరచేతికి అంటుకోవడం మానేసిన క్షణంలో ఆపేయాలి; 450 గ్రాములూ పడాలన్న నియమం లేదు. చివరగా బాదం ముక్కలు వేసి నాలుగుసార్లు మడిచినట్టు కలిపితే చాలు. పిండి సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే చిన్న ఉండ చేసి వేలితో నొక్కి చూడాలి. అంచులు కొద్దిగా చిట్లితే సరిగ్గా ఉన్నట్టు, పొడిపొడిగా రాలిపోతే మైదా ఎక్కువైనట్టు, చిట్లకుండా సాగితే ఎక్కువ పిసికినట్టు.

ఇంట్లో చిలికిన గేదె వెన్న వాడదలచుకుంటే అందులోని మజ్జిగ నీరు పూర్తిగా పోయేలా చల్లని నీళ్లలో కడిగి, పలుచని గుడ్డలో వేసి పిండాలి. పేరుకున్న నెయ్యితో కూడా ఇవి చక్కగా వస్తాయి. మార్కెట్‌లో దొరికే వెన్నలో సుమారు ఐదో వంతు నీరు, పాల పదార్థాలు ఉంటాయి కాబట్టి 250 గ్రాముల వెన్నకు బదులు 200 గ్రాముల నెయ్యి తీసుకోవాలి. గుడ్డు వద్దనుకుంటే పచ్చసొన మానేసి ఒక పెద్ద చెంచా పాలు వేసుకోవచ్చు; రంగు ఇంకాస్త తెల్లగా వస్తుంది.

ఇప్పుడు అందరూ బల్ల చుట్టూ కూర్చోవచ్చు. అక్రోటుకాయంత ముద్ద, తూకంలో సుమారు 28 గ్రాములు, తీసుకుని గుండ్రంగా చేసి మధ్యలో బొటనవేలితో మెల్లగా నొక్కాలి. ఆ గుంటలో పంచదార నిలుస్తుంది. నెలవంక ఆకారంలో కూడా చేస్తారు. కొన్ని కుటుంబాలలో ఒక్కో దానికి నడుమ ఒక లవంగం గుచ్చుతారు. బాలయేసుకు ముగ్గురు జ్ఞానులు తెచ్చిన సుగంధ కానుకలకు అది గుర్తని చెబుతారు. లవంగం గుచ్చితే తినేటప్పుడు తీసేయాలని పిల్లలకు ముందే చెప్పాలి. ఎవరు ఏ ఆకారం చేసినా ఫర్వాలేదు గానీ, ఒక పళ్లెంలోని వాటి మందం ఒకేలా ఉండాలి, లేకపోతే పలుచనివి మాడి మందపాటివి పచ్చిగా ఉంటాయి.

బేకింగ్ కాగితం పరిచిన పళ్లెంలో రెండు వేళ్ల దూరంలో పేర్చి, ముందుగా వేడిచేసిన ఓవెన్ మధ్య అరలో 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. పైభాగం రంగు మారకూడదు. 20వ నిమిషంలో ఒకదాన్ని గరిటెతో ఎత్తి అడుగు చూస్తే లేత బంగారు రంగు కనిపించాలి. ఓటీజీలో, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌లో, పై రాడ్డు ఎక్కువ వేడెక్కుతుంటే పైన ఒక అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పాలి. బయటికి తీసిన వెంటనే ముట్టుకుంటే విరిగిపోతాయి, పళ్లెంలోనే పది నిమిషాలు వదిలేయాలి.

గోరువెచ్చగా ఉండగానే పన్నీరు పలుచగా చిలకరించి, జల్లెడతో మొదటి పొర పంచదార పొడి చల్లాలి. ఈ పొర కొద్దిగా తడిసి బిస్కెట్టును అంటిపెట్టుకుంటుంది. పూర్తిగా చల్లారాక, పళ్లెంలో పంచదార పొడి మందంగా పరిచి, దాని మీద వీటిని పేర్చి, పైనుంచి బిస్కెట్టు కనిపించనంతగా మళ్లీ చల్లాలి. జల్లెడ పట్టే పని ఐదారేళ్ల పిల్లలకు ఇవ్వండి. నేల మీద పాత వార్తాపత్రికలు పరవడం మాత్రం మరవవద్దు. పంచదారను ఇంట్లోనే మిక్సీ పట్టేవారు 300 గ్రాములకు ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపితే ఉండలు కట్టదు. ఇక తినేవారికి ఒక హెచ్చరిక: కొరికేటప్పుడు ఊపిరి పీల్చకూడదు, నవ్వకూడదు. పంచదార గొంతుకు అడ్డం పడి దగ్గు తెరలు వస్తాయి, ఎదురుగా కూర్చున్నవారి బట్టలూ తెల్లబడతాయి.

మెలోమకారొనా

కురబియేదెస్ చల్లారుతుండగా ఈ పిండి కలుపుకోవచ్చు. పెద్ద గిన్నెలో నూనె, పంచదార, బ్రాందీ, నారింజ తొక్క తురుము, దాల్చినచెక్క పొడి, లవంగాల పొడి వేసి చేతి విస్కుతో రెండు నిమిషాలు కలపాలి. తొక్క తురిమేటప్పుడు పైనున్న నారింజ రంగు పొర మాత్రమే రావాలి, కింది తెల్లని పొర చేదు. నారింజ రసాన్ని ఎత్తైన గ్లాసులో పోసి, గ్లాసును ఆ గిన్నె మీదే పట్టుకుని వంటసోడా వేయాలి. చిన్న గ్లాసైతే నురుగు పొంగి ఒలికిపోతుంది. ఈ పొంగు చూడడానికి పిల్లలు ఎగబడతారు, కాబట్టి చెంచా వారికే ఇవ్వడం మంచిది. రసం నురగలు కక్కుతుండగానే నూనె మిశ్రమంలో పోసి ఒకసారి కలపాలి.

తరువాత వచ్చేది ఒక్కరే చేయవలసిన దశ. రవ్వ, బేకింగ్ పౌడర్ కలిపి జల్లించిన 450 గ్రాముల మైదాను గిన్నెలో వేసి, వేళ్లు విడదీసి అడుగు నుంచి పైకి తీస్తూ కలపాలి. పూరీ పిండిలా పిసకకూడదు, అరచేతి కింది భాగంతో ఒత్తకూడదు. ఇరవై ముప్పై సార్లు చెయ్యి తిప్పేసరికి పొడి మైదా కనిపించకుండా పోతుంది, అక్కడ ఆపాలి. అప్పుడు ముద్ద మెత్తగా, కొంచెం తడిగా, వేలితో నొక్కితే సన్నని నూనె మెరుపుతో ఉంటుంది. మరీ జారుగా ఉంటేనే మిగిలిన 50 గ్రాముల్లోంచి కొంత వేయాలి. పది నిమిషాలు ఆగితే రవ్వ తడి పీల్చుకుని అదే గట్టిపడుతుందని గుర్తుంచుకుని, ముందుగా చెయ్యి బిగబట్టుకోవాలి. అతిగా కలిపితే రెండు నష్టాలు కలుగుతాయి: మైదాలోని గ్లూటెన్ జిగురు బిగుసుకుని బిస్కెట్టు గట్టిపడుతుంది, మరోపక్క ముద్ద విరిగి నూనె బయటికి కక్కుతుంది. గిన్నె అడుగున నూనె మడుగు కనిపించిందంటే ఇక పిసకడం వల్ల బాగుపడదు. నూనె వార్చేసి, ముద్దను కదపకుండా పావుగంట వదిలి, మెల్లగా ఉండలు చేసుకోవడమే మార్గం.

ఆకారం తీర్చేటప్పుడు చేతులు అడ్డం కాకుండా ఇద్దరిద్దరుగా కూర్చోవడం బాగుంటుంది. ఒకరు 30 గ్రాముల చొప్పున ముద్దలు తుంచి ఇస్తుంటే, మరొకరు వాటిని రెండు అరచేతుల మధ్య కోడిగుడ్డు ఆకారంలో దొర్లించాలి. కొబ్బరి తురుముకునే గ్రేటర్‌ను బోర్లించి, దాని సన్న చిల్లుల వైపు ముద్దను పెట్టి బొటనవేలితో మెల్లగా నొక్కి తీస్తే ఒక పక్క చుక్కల ముద్ర పడుతుంది. పిల్లలు దీన్ని ఆటగా చేస్తారు, కానీ గట్టిగా నొక్కి లాగితే ముద్ద చిల్లుల్లో ఇరుక్కుని చీలుతుంది. నొక్కిన వైపు నుంచి కాకుండా పక్కనుంచి దొర్లించినట్టు తీయాలని ఒకసారి చూపిస్తే చాలు. ఫోర్కుతో గీతలు పెట్టినా ఫర్వాలేదు. ఈ ముద్రలు అందానికి మాత్రమే కాదు, పాకమూ ఆక్రోటు పొడీ నిలవడానికి కూడా పనికివస్తాయి. అంచులు కొద్దిగా పగిలితే సరిచేయనక్కర్లేదు, ఇవి నున్నగా ఉండవలసినవి కావు.

180 డిగ్రీల వద్ద 22 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. కురబియేదెస్ విషయంలో రంగు రాకూడదని చెప్పుకున్నాం, ఇక్కడ దానికి పూర్తిగా వ్యతిరేకం. బాగా ముదురు గోధుమ రంగు రావాలి, చేత్తో తడితే గట్టిగా తగలాలి. లేతగా ఉన్నప్పుడే తీస్తే పాకంలో పడగానే మెత్తగా నానిపోతాయి. ఇంకా ఒక్క నిమిషం ఉంచితే మాడిపోతాయేమోనన్న భయంతో తొందరగా తీయడమే చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

పళ్లెం బయటికి వచ్చిన వెంటనే ముంచడం మొదలుపెట్టాలి. ఈ పని పెద్దవారే చేయాలి, 180 డిగ్రీల నుంచి వచ్చిన పళ్లెం దగ్గర పిల్లల చేతులు ఉండకూడదు. చల్లారిన పాకాన్ని రెండు వెడల్పాటి గిన్నెల్లోకి పంచి, రెండోది ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒక పళ్లెం బిస్కెట్లు ముంచేసరికి మొదటి గిన్నెలోని పాకం వేడెక్కిపోతుంది, రెండో పళ్లేనికి అది పనికిరాదు. ఒకసారికి ఐదారు బిస్కెట్లు వేసి, ఒక్కో వైపు పది సెకన్ల చొప్పున ఉంచి చిల్లుల గరిటెతో తీయాలి. పాకం ఎక్కువ ఇష్టపడేవారు ఒక్కో వైపు అర నిమిషం దాకా ఉంచవచ్చు. మొదటిదాన్ని చాకుతో సగానికి కోసి చూడండి: తడి అంచు నుంచి లోపలికి పాకుతూ నడిమధ్యన కొద్దిగా పొడి గీత మిగిలి ఉంటే సమయం సరిపోయినట్టే, ఆ గీత రాత్రికి రాత్రే తడిసిపోతుంది.

తీసినవాటిని జాలీ మీద పెట్టిన మరుక్షణమే ఆక్రోటు పొడి చల్లాలి, పాకం ఆరితే పప్పు అంటుకోదు. గరిటె పట్టినవారి పక్కనే చల్లేవారు నిలబడాలి, ఆ వరుస ఎక్కడా ఆగకూడదు. పెద్ద పిల్లలకు ఈ పని బాగా నచ్చుతుంది. ఈ మధ్య వీటిని చాక్లెట్‌లో ముంచి అమ్ముతున్నారు. తేనె, నారింజ, లవంగం కలిసిన రుచిని చాక్లెట్ మింగేస్తుంది కాబట్టి నేనైతే ఆ జోలికి పోను.

అదే పూట తింటే మెలోమకారొనా అసలు రుచి తెలియదు. కనీసం ఒక రాత్రి ఆగితే పాకం సమంగా పరుచుకుని పైన మెత్తగా, లోపల గుల్లగా ఉంటాయి. పండుగకు రెండు రోజుల ముందే చేసుకోవడానికి కారణం ఇదే.

నిల్వ

రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టకూడదు. పాకంలోని తడికి కురబియేదెస్ మీది పంచదార కరిగి జిగటగా మారుతుంది. కురబియేదెస్‌ను గాలి చొరని రేకు డబ్బాలో పొరల మధ్య బేకింగ్ కాగితం వేసి పెడితే మూడు వారాలు నిలుస్తాయి. మెలోమకారొనాను లోతైన పళ్లెంలో పెట్టి మూత వేస్తే రెండు వారాలు బాగుంటాయి. దేన్నీ ఫ్రిజ్‌లో పెట్టవద్దు, పాకం గట్టిపడుతుంది, వెన్న వాసనలు పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ వంటి తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో కురబియేదెస్‌ను ఒక్క పొర పంచదారతోనే డబ్బాలో పెట్టి, రెండో పొరను వడ్డించే ముందు చల్లుకోవడం నయం. మిగిలిన పాకాన్ని వడకట్టి టీలో వేసుకోవచ్చు.

ఈస్టర్‌కు కులురాక్యా

క్రిస్మస్ వంటలో చిన్నపిల్లలు కొన్ని దశల్లో పక్కన నిలబడవలసి వస్తుంది. ఈస్టర్‌కు చేసే కులురాక్యాలో మాత్రం ఆకారం తీర్చే పని మొత్తం వారిదే. ఆర్థడాక్స్ ఈస్టర్ చాలా ఏళ్లు పాశ్చాత్య ఈస్టర్ కంటే ఆలస్యంగా వస్తుంది. 2026లో అది ఏప్రిల్ 12. ఆ ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు గ్రీకు ఇళ్లలో గుడ్లకు ఎర్ర రంగు వేస్తారు, చాలామంది అదే రోజు వీటినీ కాలుస్తారు. ఇందులో వెన్న, గుడ్డు ఉంటాయి కాబట్టి దీక్ష పాటించే ఇళ్లలో శనివారం అర్ధరాత్రి పునరుత్థాన ప్రార్థన అయ్యే దాకా ఒక్కటి కూడా తినకూడదు. ఇల్లంతా వెన్న, నారింజ వాసనతో నిండిపోయి ఉండగా రెండు రోజులు పిల్లల చేతికి అందకుండా డబ్బాను అటక మీద దాచడం కూడా ఈ వంటలో ఒక భాగమే అనుకోవచ్చు.

125 గ్రాముల వెన్న, 125 గ్రాముల పంచదార కలిపి ఐదు నిమిషాలు గిలకొట్టి, ఒక గుడ్డు, ఒక నారింజ తొక్క తురుము, వనిల్లా వేయాలి. 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలలో ఒక చిన్న చెంచా బేకర్స్ అమ్మోనియా, అంటే అమ్మోనియం బైకార్బొనేట్, కరిగించి వెంటనే పోయాలి. మన బేకరీలలో కూడా బిస్కెట్లకు వాడే పదార్థమే ఇది, బేకరీ సరుకులు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. ఆ తర్వాత 375 నుంచి 400 గ్రాముల మైదా, చేతికి అంటనంత వరకు మాత్రమే కలిపి, మూత వేసి అరగంట వదలాలి. అమ్మోనియా కలిసిన పచ్చి పిండిని రుచి చూడనివ్వకూడదు. ఓవెన్‌లో వేడికి ఆ పదార్థం మొత్తం వాయువులుగా, ఆవిరిగా మారి వెళ్లిపోతుంది, అందుకే బిస్కెట్టు కరకరలాడుతుంది. కాలుతున్నప్పుడు ఘాటైన వాసన వస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి, ఓవెన్ తలుపు తీసేటప్పుడు ముఖం దగ్గరగా పెట్టకూడదు. పలుచని బిస్కెట్లకే దీన్ని వాడాలి. మందంగా ఉంటే వాసన లోపలే చిక్కుకుంటుంది. దొరకనివారు రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్ వాడుకోవచ్చు, కరకరలాడడం కొంత తగ్గుతుంది.

20 గ్రాముల ముద్దను చిటికెనవేలు మందంలో జానెడు పొడవు తాడుగా దొర్లించి, సగానికి మడిచి రెండు మెలికలు తిప్పితే సంప్రదాయమైన జడ ఆకారం వస్తుంది. సున్న, నత్త చుట్ట, రెండు వైపులా చుట్టిన ఆకారాలు కూడా మామూలే. తాడు చిట్లుతుంటే చేతిని నీటితో తడి చేసుకోవాలి, మైదా చల్లితే ఇంకా చిట్లుతుంది. పచ్చసొనలో ఒక చెంచా పాలు కలిపి బ్రష్‌తో పూసి, పైన నువ్వులు చల్లి, 180 డిగ్రీల వద్ద 15 నుంచి 20 నిమిషాలు కాల్చాలి. మెలికల పై గట్లు బంగారు రంగులోకి, మడతల లోపలి భాగం లేత పసుపులోకి వచ్చినప్పుడు తీసేయాలి. జాలీ మీద పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెడితే మెత్తబడతాయి. ఒకవేళ మెత్తబడినా 150 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడతాయి.